కాగితం మీద సాగర్ ప్రయాణం



ఈ సంక్రాంతి సెలవుల్లో మేము నాగార్జునసాగర్ పోతున్నాం. పోవడం రెండు రోజులే. కాని ఆ రెండు రోజుల కోసం మా ఇంట్లో మూడు వారాలుగా కాగితాలు, పెన్సిళ్ళు, పటాలు, ఒక దారపుకండె నేలమీద పరుచుకుని ఉన్నాయి. మా ఇంటావిడ చీపురు పట్టుకుని వచ్చి, "ఇదేమన్నా ఇల్లా, కచేరీనా?" అని అడిగి వెళ్ళిపోతున్నది. ప్రయాణం మాట తరవాత. ముందు ఈ కాగితాల సంగతి మీకు చెప్పాలి. మీలో ఎవరైనా ఎక్కడికైనా బయలుదేరుతుంటే పనికివస్తుంది.

మా మనవరాలు నల్లగొండలో మాతోనే ఉంటుంది. మనవడు మా అమ్మాయి కొడుకు, మహబూబ్‌నగర్ నుంచి సెలవులకని వచ్చాడు. వస్తూ వస్తూ ఒక కాలెండరు చుట్టి తెచ్చాడు. అందులో ఒక బొమ్మ. నీలంగా పెద్ద సరస్సు, సరస్సు చుట్టూ మంచు కప్పిన కొండలు, నీళ్ళమీద తెల్లటి పడవ, ఒడ్డున ఎర్ర పెంకుల ఇళ్ళు. అది స్విట్జర్లండ్ దేశంలో ఆల్ప్స్ పర్వతాల పాదాల దగ్గర ఉన్న లూసర్న్ అనే ఊరు.

"తాతా, ఇక్కడికి పోదాం" అన్నాడు వాడు.

"పోదాం. ముందు పోయేందుకు ఏమేమి కావాలో రాయి" అన్నాను.

వాడు నిజంగానే రాయడం మొదలుపెట్టాడు. విమానం, కోట్లు, టోపీలు, డబ్బు అని రాసి, డబ్బు దగ్గర ఆగిపోయాడు. నేను నవ్వలేదు. మీరూ నవ్వకండి. చూడాలని అనిపించిన ఊరి గురించి తెలుసుకోవడానికి ఖర్చేమీ లేదు. ముగ్గురమూ కూర్చుని లూసర్న్ గురించి దొరికినంత చదివాం. అక్కడ నదిమీద కట్టెతో కట్టిన పొడవాటి వంతెన ఉంది. అది పధ్నాలుగో శతాబ్దంలో కట్టింది. 1993లో నిప్పంటుకుని చాలా భాగం కాలిపోతే, ఆ ఊరివాళ్ళు మళ్ళీ నిలబెట్టి 1994లో తెరిచారు. ఊరి పక్కన పిలాటుస్ అనే కొండ ఉంది. దాని మీదికి 1889 నుంచి పళ్ళ చక్రాల రైలు నడుస్తున్నది. పట్టాల మధ్యన పళ్ళు ఉంటాయి, రైలు కింద పళ్ళచక్రం ఉంటుంది. ఒకదానిలో ఒకటి చిక్కుకుంటూ, జారిపోకుండా ఎక్కుతుంది. ప్రపంచంలో ఆ రకం రైళ్ళలో ఇంత నిటారుగా ఎక్కేది మరొకటి లేదు.

"తాతా, సంక్రాంతికి పోతే ఈ రైలు ఎక్కవచ్చా?" అని అడిగింది మనవరాలు.

మంచి ప్రశ్న! మంచుకాలంలో ఆ పళ్ళ రైలు నడపరు. జనవరిలో అంత దూరం పోయి, కొండకింద నిలబడి, మూసిన స్టేషనును చూసి రావాలి.

ఆ మాటతో నాకు ముప్పయి అయిదేళ్ళ కిందటి ఒక శుక్రవారం గుర్తుకు వచ్చింది. ఆ సంగతి తరవాత చెబుతాను. చెప్పకుండా ఉందామనే అనుకున్నాను కాని, ఈ వ్యాసం అంతా దాని మూలంగానే రాస్తున్నాను.

సరే. సరస్సు, కొండలు, పడవ. ఈ మూడూ మనకు ఇంత దగ్గరలో పెట్టుకుని లూసర్న్ దాకా ఎందుకు? మనవరాలు సాగర్ అన్నది. మనవడు వెంటనే, "మా దిక్కు సోమశిల లేదా? అక్కడ కూడా కృష్ణే" అన్నాడు. కొల్లాపురం దగ్గర సోమశిల పాత మహబూబ్‌నగర్ జిల్లాలోది. 2016 నుంచి నాగర్‌కర్నూలు జిల్లా. శ్రీశైలం ఆనకట్ట వెనక నిలిచిన నీరు అక్కడి కొండల మధ్య సరస్సులాగా పరుచుకుని ఉంటుంది. వాడి మాట కొట్టివేయదగింది కాదు. కాని సోమశిల పోతే, కృష్ణలో మునిగి ఉండే సంగమేశ్వరం గుడి కూడా చూడాలని నాకు ఉంది. అది ఎండాకాలంలో, నీళ్ళు బాగా తగ్గినప్పుడు మాత్రమే బయటపడుతుంది. అందుకని సోమశిలను ఎండాకాలానికి రాసుకున్నాం. మనవడు ఒక పట్టాన ఒప్పుకోలేదు. కాగితం మీద రాసి, కింద నేను దస్తఖతు పెట్టాక ఒప్పుకున్నాడు.

మరి సాగరుకు సంక్రాంతి మంచిదేనా? దీనిమీద ఒక పూటంతా వాదించుకున్నాం. ఆనకట్ట మీద 26 గేట్లు ఉన్నాయి. వాటిని ఎత్తినప్పుడు నీళ్ళు పాలలాగా దూకడం చూడాలంటే వానాకాలం పోవాలి. వానాకాలమంటే మన నల్లగొండలో వానపడిన రోజు కాదు సుమా! కృష్ణ పుట్టేది మహారాష్ట్రలో మహాబలేశ్వరం దగ్గర. అక్కడ పడమటి కనుమల్లో కురిసిన వాన ముందు కర్ణాటకలో ఆలమట్టి, నారాయణపూర్ జలాశయాలను నింపి, తరవాత పాలమూరు గడ్డమీద జూరాలకు వస్తుంది. అక్కడినుంచి శ్రీశైలం. శ్రీశైలం నిండితేనే సాగరుకు వరద. కనుక మనకు ఇక్కడ చుక్క కురవకపోయినా గేట్లు ఎత్తవచ్చు. ఇక్కడ కుండపోతగా కురిసినా ఎత్తకపోవచ్చు. పేపర్లో 'జూరాల గేట్లు ఎత్తారు' అన్న వార్త కనబడితే, సాగర్ వైపు ఒక కన్ను వేసి ఉంచాలన్నమాట. ఆ గేట్ల వేడుకకు ముందుగా తేదీ వెయ్యడం ఎవరి వల్లా కాదు. మాకేమో లాంచీ ఎక్కి దీవికి పోవాలని ఉంది. అందుకు ఎండ మండని, వాన లేని జనవరి మంచిది. గేట్లు మూసి ఉంటాయి. ఉండనీ. అన్నీ ఒక్కసారే చూడాలనుకున్నవాడు ఏదీ చూడలేడు.

ఇక దూరం. మనవడు పటం మీద స్కేలు పెట్టి, నల్లగొండ నుంచి సాగరుకు గీత గీసి, యాభై కిలోమీటర్ల పైన అని చెప్పాడు. "బస్సు కాకిలాగా ఎగురుతుందా?" అని అడిగాను. అప్పుడు దారపుకండె బయటికి వచ్చింది. రోడ్డు ఎక్కడెక్కడ మలుపు తిరిగిందో అక్కడల్లా దారాన్ని తిప్పుతూ, కనగల్ మీదుగా హాలియా, అక్కడినుంచి పెద్దవూర, పెద్దవూర నుంచి సాగర్ దాకా పరిచి, ఆ దారాన్ని తీసి పటంలోని కొలతతో సరిచూశాం. అరవై దాటింది. ఈ పని మీరు కూడా చేసి చూడండి. దారం కాస్త తడిపితే పటానికి అంటుకుని కదలకుండా ఉంటుంది. ఫోనులో అయితే రెప్పపాటులో వస్తుందని మా మనవరాలు అన్నది. వస్తుంది. కాని దారం పరిచినవాడికి దారిలో ఉన్న ఊళ్ళ పేర్లు కూడా వస్తాయి.

అరవై పైచిలుకు కిలోమీటర్లకు బస్సులో రెండు గంటలని వేసుకున్నాం. దానికి నేను ఇంకో అరగంట కలిపాను. ఎందుకని అడిగారు పిల్లలు. బస్సు ఆలస్యం కావచ్చు, మా ఇంటావిడకు చెప్పు తెగవచ్చు, మనవడికి హాలియాలో బజ్జీలు కనబడవచ్చు. అటువంటి ఖర్చులన్నీ ఆ అరగంటలోనుంచి పెట్టుకోవాలి.

తరవాత ఏమేమి చూడాలో రాయమంటే ఇద్దరూ కలిసి తొమ్మిది రాశారు. వాటిలో సగం కొట్టివేయడానికి నాకు రెండు రోజులు పట్టింది.

నాగార్జునకొండను మాత్రం ఎవరూ కొట్టివేయలేదు. మీకు తెలుసా, అది నీళ్ళలో పుట్టిన దీవి కాదు! ఒకప్పుడు అది లోయ నడుమ నిలబడిన మామూలు కొండ. పదిహేడు వందల ఏళ్ళ కిందట ఆ లోయలో విజయపురి అనే పట్టణం ఉండేది. ఇక్ష్వాకు వంశపు రాజులకు రాజధాని. బౌద్ధ భిక్షువుల విహారాలు, స్తూపాలు, రాతి మెట్ల స్నానఘట్టం, చుట్టూ మెట్లుమెట్లుగా కూర్చునే చోటు ఉన్న ఆటస్థలం, అన్నీ ఉండేవి. కాలం గడిచి మట్టి కప్పేసింది. ఆ శిథిలాల సంగతి 1926లో లోకానికి తెలిసింది. ఆ తరవాత కొంత తవ్వారు. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు ఆనకట్టకు పునాదిరాయి వేశారు. లోయ మునగబోతున్నదని ముందే తెలుసు కనుక, 1954 నుంచి 1960 దాకా ఆరేళ్ళపాటు లోయనంతా తవ్వి చూశారు. ముఖ్యమైన కట్టడాలు కొన్నింటిని విప్పి, ఆ రాళ్ళను తెచ్చి కొండమీదా, ఒడ్డున అనుపు అనే చోటా మళ్ళీ పేర్చారు. ఈజిప్టు దేశంలో అస్వాన్ ఆనకట్టకింద మునగబోయిన అబూ సింబెల్ గుడులను 1964 నుంచి 1968 దాకా కోసి ఎత్తుకు తరలించినప్పుడు ప్రపంచమంతా చెప్పుకుంది. మనవాళ్ళు అంతకుముందే రాళ్ళు మోశారు. లోయనుంచి దొరికిన శిల్పాలను పెట్టేందుకు కొండమీద బౌద్ధ విహారం ఆకారంలో కట్టిన మ్యూజియం 1966లో తెరిచారు. మరుసటి ఏడు, 1967 ఆగస్టు 4న, ఇందిరాగాంధీగారు కాలువలకు నీళ్ళు వదిలారు. కొండ దీవి అయింది.

ఇది చదివి వినిపిస్తుంటే మనవడు, "జలాశయం నిండు మట్టం 590 అడుగులు అని రాసి ఉంది. అంత లోతా తాతా?" అని భయంగా అడిగాడు. పెద్దవాళ్ళు కూడా ఈ పొరపాటు పడతారు. 590 అడుగులంటే నీటి పైభాగం సముద్రమట్టానికి ఎంత ఎత్తున ఉందో చెప్పే లెక్క. ఏరు అడుగు కూడా సముద్రమట్టానికి ఎత్తులోనే కదా ఉంది. ఆ ఎత్తు తీసివేస్తేనే లోతు. ఆనకట్ట ఎత్తు పునాదినుంచి సుమారు 124 మీటర్లు, అంటే నాలుగు వందల అడుగుల పైన. అదంతా రాతి కట్టడం. లూసర్న్ సరస్సు లోయను వేల ఏళ్ళపాటు మంచునదులు జరిగి జరిగి తొలిచాయి. మన సరస్సును మనుషులు తలమీద, భుజంమీద రాయి మోసి నిలబెట్టారు. పాలమూరు కూలీలు ఎన్నో ఆనకట్టల దగ్గర పనిచేశారు, సాగర్ దగ్గరా చేశారు. ఈ మాట చెప్పగానే మనవడు సోమశిల సంగతి మరిచిపోయి, కాలరు సర్దుకున్నాడు.

చివరికి మొదటిరోజు పొద్దున లాంచీ, కొండ. సాయంత్రం ఏమీ లేదు. "ఏమీ లేదు అని రాయడం ఏమిటి తాతా?" అన్నది మనవరాలు. రాయాలి. రాయకపోతే అందులోకి ఏదో ఒకటి దూరుతుంది. నీళ్ళ ఒడ్డున కూర్చుని సకినాలు తినడానికి కూడా వేళ ఉండాలి కదా! రెండోరోజు ఆనకట్టను చూసి, 2022లో తెరిచిన బుద్ధవనం చూసి, మధ్యాహ్నం ఎత్తిపోతల. అది ఏరు దాటి పల్నాడు వైపు, పది, పదకొండు కిలోమీటర్లు. చంద్రవంక అనే వాగు అక్కడ డెబ్బయి అడుగుల కిందికి దూకి, ముందుకు పోయి కృష్ణలో కలుస్తుంది. జనవరిలో ధార సన్నగా ఉండవచ్చని పిల్లలకు ముందే చెప్పి ఉంచాను. తక్కువ చెప్పి తీసుకుపోతే ఎక్కువ చూసినట్టు ఉంటుంది.

ఇక ఆ శుక్రవారం సంగతి.

1990 జనవరిలో నేను దేవరకొండ తాలూకా పల్లె బడిలో మాస్టరును. ఎనిమిదో తరగతి పిల్లలు నలభై ఇద్దరిని సాగరుకు తీసుకుపోతానని మాట ఇచ్చాను. వయసు తక్కువ, హుషారు ఎక్కువ. ఆదివారం అయితే జనం కిటకిటలాడుతారు, శుక్రవారం అయితే ఖాళీగా ఉంటుంది అని తెలివిగా ఆలోచించి, శుక్రవారం పెట్టాను. నిజంగానే ఖాళీగా ఉంది! లాంచీలు ఒడ్డున కట్టివేసి ఉన్నాయి. అక్కడ వలలు బాగుచేసుకుంటున్న ఒకాయన తల ఎత్తి, "ఇయ్యాల శుక్రవారం గద సారూ, కొండమీద మ్యూజియం బంద్. లాంచీ పోదు" అన్నాడు. వారానికి ఒకరోజు మూసి ఉంచుతారని, అది శుక్రవారమని ఎవరినైనా ఒక్క మాట అడిగి ఉంటే తెలిసేది. నేను అడగలేదు. లాంచీ లేకపోతే ఏం చెయ్యాలో రెండో దారి కూడా రాసుకోలేదు. అనుపుకు రోడ్డున పోవచ్చునన్న సంగతి అప్పుడు నా బుర్రకు తట్టనేలేదు.

పిల్లలు పిల్లలే కదా, కాసేపు మూతులు ముడిచి, తరవాత ఆనకట్ట చూసి కేరింతలు కొట్టారు. ఒక్క పిల్లవాడు మాత్రం లాంచీల దగ్గరనుంచి కదలలేదు. వాడి చంకలో ఒక గుడ్డమూట ఉంది. పొద్దుటినుంచి దాన్ని ఎవరినీ ముట్టనివ్వలేదు. పిలిచి అడిగితే విప్పి చూపించాడు. పసుపు పూసి, కుంకుమ పెట్టిన కొబ్బరికాయ.

వాడి నాయనమ్మ పుట్టిన ఊరు ఈ నీళ్ళకింద ఉంది. ఊరు ఖాళీ చేయించినప్పుడు ఆమె పడుచు. మళ్ళీ అటు దిక్కు రాలేదు. మనవడు బడి పిల్లలతో లాంచీలో పోతున్నాడని తెలిసి, ఆ కాయ కట్టి ఇచ్చింది.

నేనేం చేశానో చెబితే మీకు నామీద కోపం వస్తుంది. "ఇక్కడే ఒడ్డున వెయ్యరా. నీళ్ళన్నీ ఒకటే కదా" అన్నాను.

వాడు తల అడ్డంగా ఊపాడు. "నడిమిట్ల వెయ్యమన్నది సార్. మా ఊరు ఒడ్డున లేదు" అన్నాడు.

ఇరవై ఏళ్ళు పాఠాలు చెప్పినా అంత సరైన జవాబు నాకు మరో పిల్లవాడు చెప్పలేదు. వచ్చే ఏడు మళ్ళీ తీసుకొస్తానని వాడికి మాట ఇచ్చాను. ఆ ఎండాకాలమే నాకు బదిలీ అయింది. కొత్త బడి, కొత్త పిల్లలు. మాట అక్కడే ఉండిపోయింది. మరిచిపోయానని చెప్పను. గుర్తుకు వచ్చినప్పుడల్లా మరో పని పెట్టుకునేవాణ్ణి.

కిందటి దసరాకు హాలియాలో ఒక శుభకార్యానికి పోయాను. వడ్డన చూస్తున్న ఒక మనిషి నన్ను చూసి, చేతులు తుడుచుకుని వచ్చి కాళ్ళకు మొక్కాడు. తల సగం నెరిసింది. నాకు ముందు ఆనవాలు తెలియలేదు. వాడే! పెద్దవూర దగ్గర వ్యవసాయం చేసుకుంటున్నాడు. ఒక కూతురు, తొమ్మిదో తరగతి.

అడగాలా వద్దా అని తటపటాయించి, చివరికి, "ఆ కొబ్బరికాయ ఏం చేశావురా?" అని అడిగాను.

"ఇంటికి తెచ్చి ఇచ్చిన సార్. మా నాయనమ్మ ఏమనలేదు. దేవుని గూట్ల పెట్టింది. అది ఎండి కుడుక అయింది. మూడేండ్లకు ఆమె పోయినప్పుడు ఆమెతోనే పంపినం" అన్నాడు. అని, "తినండి సార్, చల్లారుతున్నది" అన్నాడు.

ఆ రాత్రి ఇంటికి వచ్చి, మొట్టమొదట ఒక కాగితం తీసి, పైన 'శనివారం' అని రాశాను. ఇన్ని కాగితాలకూ మొదటి కాగితం అదే. దానికింద మిగతావి తరవాత వచ్చాయి.

ఇంతకీ పిల్లలూ, మీరు కూడా ఎక్కడికి పోవాలనుకున్నా, అది ఎంత గొప్పగా ఉంటుందో తరవాత అడగండి. ఏ రోజు మూసి ఉంటుందో ముందు అడగండి. మన దేశంలో పురావస్తుశాఖవారి మ్యూజియములు చాలావరకు శుక్రవారం మూస్తారు. తాజ్‌మహలు కూడా శుక్రవారం సందర్శకులకు తెరవరు. లాంచీ సంగతి ఇంకా సున్నితమైనది. గాలి ఎక్కువైనా, నీళ్ళు తక్కువైనా నడపరు. అందుకని నేను పదిరోజుల కిందట ఒకసారి ఫోనుచేసి అడిగాను. నిన్న మళ్ళీ అడిగాను. బయలుదేరే ముందు మూడోసారి అడుగుతాను. చాదస్తం అని మా అబ్బాయి అంటాడు. అననివ్వండి. లాంచీలో వాళ్ళిచ్చే రక్షణ కవచం తొడుక్కుని, తాళ్ళు బిగించుకున్నాకనే కిటికీ దగ్గరికి పోవాలని ఇద్దరు పిల్లలచేతా రాయించాను. దీవికి సుమారు ముప్పావు గంట ప్రయాణం. తిరిగివచ్చే లాంచీ ఎన్నింటికో దిగేటప్పుడే అడిగి, చేతిమీద రాసుకోవాలి. కొండమీద శిల్పాలు చూస్తూ నిలబడితే ఒంటిమీద స్పృహ ఉండదు. మీ కోసం లాంచీ ఆగదు.

రెండో దారి కూడా ఈసారి రాశాను. శనివారం గాలి వీచి లాంచీ పోకపోతే ఆరోజు అనుపు, ఎత్తిపోతల చూసి, ఆదివారం పొద్దున మళ్ళీ లాంచీకి ప్రయత్నిస్తాం. ఆదివారం కూడా పోకపోతే? మనవరాలు ఇదే అడిగింది. సోమవారం బడులు లేవు, పండగ సెలవులే. బస ఇంకో రాత్రికి అడిగి పెట్టాను. ఆ ఖర్చుకు డబ్బు వేరే కవరులో ఉంది. కవరు మీద ఏమీ రాయలేదు. మా ఇంటావిడ చూస్తే కొత్త చీర అంటుంది.

సద్ది సంగతి ఆమె చూసుకుంటున్నది. పులిహోర మొదటిరోజుకు. సకినాలు, అప్పాలు రెండు రోజులకూ. పులిహోర మధ్యాహ్నం లోపల తినివేయాలి. సకినాలకు ఆ తొందర లేదు, కాని పిల్లలకు కనబడకుండా పెట్టాలి. నీళ్ళ సీసాలు, శాలువాలు, మనవడికి బస్సులో వికారం వస్తే నిమ్మకాయ, ఒక టార్చిలైటు, పటం, దారం కూడా. దారం ఎందుకని అడగవద్దు, మనవడు పట్టుబట్టాడు.

బస్సులో మేము నలుగురం. పెద్దవూరలో ఇంకా ఇద్దరు ఎక్కుతారు, తండ్రీ కూతురూ.

నిన్న రాత్రి వాడు ఫోనుచేశాడు. పొలానికి నీళ్ళు పెట్టివచ్చి మాట్లాడుతున్నాడు కాబోలు, ఆయాసపడుతున్నాడు.

"సార్, శనివారమే కదా?"

"శనివారమేరా. మూడుసార్లు చూశాను."

"ఏమనుకోకండి సార్. మా బిడ్డ అడగమన్నది. దానికి ఆ ముచ్చటంతా చెప్పిన."

"ఇంకేమన్నది?"

"కాయకు పసుపు తనే పూస్తదట. ప్లాస్టిక్ కవరు వద్దు, నూలుగుడ్డలనే కట్టాలె అంటున్నది. లాంచీ నడిమిట్లకు పోయిందని మనకు ఎట్ల తెలుస్తది సార్?"

దీనికి నా దగ్గర జవాబు లేదు. ఆ ఊరు సరిగ్గా ఏ నీళ్ళకింద ఉందో చూపించే పాత పటం నాకు దొరకలేదు. సరంగును అడుగుదామని చెప్పాను. ఎన్నో ఏళ్ళుగా ఆ నీళ్ళమీద తిరిగేవాళ్ళకు తెలిసి ఉండవచ్చు. కాగితం మీద అది కూడా రాసి, పక్కన ప్రశ్నగుర్తు పెట్టాను. మూడు వారాలలో ప్రశ్నగుర్తు మిగిలిన చోటు అదొక్కటే.

ఈ సంచిక మీ చేతికి వచ్చేసరికి మేము పోయి వచ్చి ఉంటాం. ఇప్పుడు మాత్రం శుక్రవారం సాయంత్రం. మనవడు సకినాల డబ్బా ఎక్కడుందో కనుక్కున్నాడు. నేను లేచి పోవాలి.